ఇరవై నాలుగో వంతు చెరుకు బండి

క్రషింగ్ సీజన్‌లో నిజామాబాద్ జిల్లా బోధన్ రోడ్డు మీద చెరుకు ట్రాక్టరు వెనక ఇరుక్కున్న వాళ్లకు దాని ఆకారం గుర్తు చేయనక్కర్లేదు. ముందు మూడున్నర మీటర్ల ట్రాక్టరు, వెనక పన్నెండడుగుల ట్రాలీ, ట్రాలీ మీద అవతల ఏముందో కనపడనంత ఎత్తున పేర్చిన గడలు. దీన్ని బల్ల మీద పట్టేలా కట్టాలంటే పని భాగహారంతో మొదలవుతుంది. ప్రతి కొలతనూ 24తో భాగిస్తే ట్రాక్టరు 15 సెంటీమీటర్లు, ట్రాలీ ఇంకో 15. మోడల్ కట్టే వాళ్లు 1:24 స్కేలు అనేది దీన్నే.

ఈ సరదాలో ఇప్పుడు రకరకాల వాళ్లున్నారు. ఊళ్లలో సన్‌బోర్డు కోసి, చిన్న డీసీ మోటార్లు బిగించి ట్రాక్టర్లు నడిపే పిల్లలున్నారు. బజారులో దొరికే హాట్ వీల్స్ కారును విప్పి, రంగు గీకి, టైర్లు మార్చి తమ కారుగా చేసుకునే యువకులున్నారు. బయటి దేశాల ప్లాస్టిక్ కిట్లు తెప్పించుకుని నెలల తరబడి అంటించే ఉద్యోగస్తులూ ఉన్నారు. అందరికీ ఎదురయ్యే చిక్కు ఒక్కటే. కొలతల్లో తప్పు లేదు, అయినా చూడగానే బొమ్మ అని తెలిసిపోతుంది.

తెలిసిపోవడానికి కారణం భాగహారంలోనే ఉంది. పొడవును 24తో భాగిస్తే వైశాల్యం 576 రెట్లు, ఘనపరిమాణం 13,824 రెట్లు తగ్గుతాయి. కొన్నయితే అసలు తగ్గవు. భూమి ఆకర్షణ తగ్గదు. వెలుగు అల పొడవు, నీటిబొట్టు సైజు, ఇసుక రేణువు, మన కంటిపాప ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. మోడల్ కట్టడమంటే ఈ తగ్గని వాటితో బేరం కుదుర్చుకోవడం.

స్కేళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి

1:43, 1:64, 1:35 అంకెలు చూస్తే ఏదో లోతైన గణితం ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఒక్కో అంకె వెనక ఒక్కో అవసరం ఉంది. లివర్‌పూల్‌లోని మెకానో కంపెనీ 1930ల్లో డింకీ టాయ్స్ కార్లను మొదట తన బొమ్మ రైళ్ల పక్కన పెట్టుకోవడానికే తెచ్చింది. ఆ రైళ్లలో అడుగుకు 7 మిల్లీమీటర్లు లెక్క. అడుగంటే 304.8 మిల్లీమీటర్లు కనుక 7తో భాగిస్తే నలభై మూడున్నర వస్తుంది. ఈనాటికీ సేకరణ కార్లలో పెద్ద భాగం 1:43లోనే వస్తోంది.

జపాన్‌లో తమియా కంపెనీ 1960ల మొదట్లో పాంథర్ ట్యాంకు కిట్ తయారు చేసినప్పుడు లోపల మోటారు, బ్యాటరీలు పట్టాలి. అవి పట్టేంత పెట్టె చేసి, తర్వాత కొలిచి చూస్తే సుమారు 1:35 తేలింది. ప్రపంచంలో సైనిక వాహనాల మోడళ్లకు అదే ప్రమాణమైంది. ఇంగ్లండులో లెస్నీ కంపెనీ 1953లో తెచ్చిన మ్యాచ్‌బాక్స్ కార్లకైతే కొలబద్ద అగ్గిపెట్టె. అందులో పట్టాలి కాబట్టి రోడ్డు రోలరుకు ఒక స్కేలు, బస్సుకు ఇంకో స్కేలు. అమెరికాలో మాటెల్ 1968లో మొదలుపెట్టిన హాట్ వీల్స్‌ను 1:64 అంటారు గానీ వాటిలోనూ లారీ, కారు ఒకే పొడవున కనిపిస్తాయి. 1:24 మాత్రం అంగుళాల దేశాల సౌకర్యం: రెండడుగులకు అంగుళం.

మన దేశంలోనూ ఈ కథకు ఒక పాయ ఉంది. 1960ల చివర్లో కలకత్తాలో నిక్కీ టాయ్స్ పేరుతో డింకీ వాళ్ల పాత అచ్చులతోనే లోహపు కార్లు పోశారు. వాటిని ఇప్పుడు విదేశీ సేకర్తలు వెతుక్కుంటున్నారు. మనకు దగ్గరలో చూస్తే గోదావరి అవతల నిర్మల్‌లో మెత్తని పొనికి చెక్కతో బొమ్మలు చెక్కే కళ ఎన్నో తరాలుగా ఉంది. చెక్కల అతుకులను చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో పూడ్చి, ఆ పైన రంగు వేస్తారు. ప్లాస్టిక్ కిట్ కట్టే వాళ్లు పుట్టీతో చేసే పని అదే. అయితే నిర్మల్ బొమ్మకు స్కేలు బంధం లేదు. చూసే వాడికి ముఖం ముఖ్యమనిపిస్తే ముఖాన్ని పెద్దది చేస్తాడు శిల్పి. స్కేలు మోడల్ కట్టే వాడికి ఆ స్వేచ్ఛ ఉందా లేదా అన్నది ఈ అధ్యాయం చివరికి తేలుతుంది.

రేకు మందం, బండి బరువు

నిజామాబాద్ రోడ్ల మీద ఒకప్పుడు కనిపించిన కారంటే అంబాసిడర్. 2014లో దాని తయారీ ఆగిపోయింది. పొడవు 4.3 మీటర్లు, బరువు సుమారు 1,100 కిలోలు. 1:24లో అది 18 సెంటీమీటర్లు అవుతుంది. బరువును 13,824తో భాగిస్తే 80 గ్రాములు. బజారులో అదే సైజు లోహపు కారును తూకం వేస్తే దానికి చాలా రెట్లు తూగుతుంది. అంత బరువెందుకంటే కారు రేకు మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. దాన్ని 24తో భాగిస్తే 0.04 మిల్లీమీటర్లు, మన తల వెంట్రుక కన్నా సన్నం. కరిగిన లోహాన్ని అంత సన్నని సందులోకి పోయడం కుదరదు. ప్లాస్టిక్ కిట్‌లోనూ బాడీ మందం ఒక మిల్లీమీటరు దాటుతుంది. అంటే అసలు కారు రెండున్నర సెంటీమీటర్ల ఉక్కు పలకలతో చేసినట్టు లెక్క. యుద్ధ వాహనానికి వేసే కవచం అంత.

మరి కన్ను దీన్ని ఎప్పుడు పట్టుకుంటుంది? మంచి చూపున్న వాళ్లు కూడా 30 సెంటీమీటర్ల దూరంలో 0.09 మిల్లీమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు గీతలను విడివిడిగా చూడలేరు. 1:24లో అది అసలు బండి మీద రెండు మిల్లీమీటర్లు. అంతకన్నా చిన్న వివరాన్ని చెక్కినా ఎవరికీ కనపడదు, వదిలేసినా ఎవరూ అడగరు. అదే సమయంలో రేకు అంచు ఒక మిల్లీమీటరు మందంగా కనిపిస్తే మాత్రం వెంటనే తెలుస్తుంది. అందుకే చేయి తిరిగిన వాళ్లు బాడీ అంతటినీ పల్చన చేయరు. చక్రాల పైన ఉండే అంచును, డోరు గాజు అంచును లోపలి వైపు నుంచి ఏటవాలుగా ఆకురాయితో అరగదీస్తారు. లోపల మందం అలాగే ఉంటుంది, బయటి అంచు మాత్రం కాగితంలా కనిపిస్తుంది.

3డీ ప్రింటరుతో చేసే భాగాలకూ ఇదే కొలమానం పనికొస్తుంది. ప్లాస్టిక్ తీగను కరిగించి పేర్చే ప్రింటరు ఒక్కో పొరను 0.2 మిల్లీమీటర్లుగా వేస్తే మెట్లు కంటికి కనపడతాయి. రెసిన్ ప్రింటరులో పొర 0.05 మిల్లీమీటర్లు. అది కంటి హద్దుకు లోపలే ఉంది కాబట్టి అరగదీసే పని దాదాపు తప్పుతుంది.

లోహపు కార్లలో ఉండేది ఇనుము అనుకోవద్దు. అది జమాక్ అనే మిశ్రమం. అధిక భాగం జింకు, సుమారు 4 శాతం అల్యూమినియం, కొద్దిగా మెగ్నీషియం. 1929లో అమెరికాలోని న్యూజెర్సీ జింక్ కంపెనీ దీన్ని రూపొందించింది. 385 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కనుక ఉక్కు అచ్చులు త్వరగా పాడవవు. జింకులో సీసం మలినంగా మిగిలితే మాత్రం ప్రమాదం. గాలిలో తేమ లోహపు స్ఫటికాల మధ్య అంచుల వెంట లోపలికి పాకి, ఏళ్ల తరబడి తింటూ పోతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పోసిన డింకీ కార్లు కొన్ని పెట్టెలో ఉండగానే ఉబ్బి, పగిలి, పొడి కావడానికి కారణం ఇదే.

పాత కారు రంగు తీసి కొత్తది వేయాలనుకునే వాళ్లు జింకు స్వభావం ఇంకొకటి గుర్తు పెట్టుకోవాలి. ఇది ఆమ్లంతోనూ చర్య జరుపుతుంది, క్షారంతోనూ జరుపుతుంది. ఘాటైన కాస్టిక్ సోడాలో ముంచితే రంగుతోపాటు లోహమూ కరగడం మొదలై, హైడ్రోజన్ బుడగలు వస్తాయి. నున్నటి తలం గుంటలు పడుతుంది. అడుగున రివెట్లను డ్రిల్ బిట్‌తో కోసి, ప్లాస్టిక్ భాగాలు విడదీసి, పెయింట్ రిమూవరు బ్రష్‌తో పూసి, గాలాడే చోట గీకడమే మంచి దారి.

మార్పులు చేసే సరదా

అసలు బండిని ఉన్నదున్నట్టు కట్టడం ఒక దారి, తన ఇష్టం వచ్చినట్టు మార్చుకోవడం ఇంకో దారి. అమెరికాలో ఏఎంటీ కంపెనీ 1958లో ఒకే పెట్టెలో మూడు రకాలుగా కట్టుకునే కిట్ అమ్మింది. కంపెనీ కారుగా కట్టవచ్చు, షోకు కారుగా కట్టవచ్చు, రేసు కారుగా కట్టవచ్చు. మిగిలిన భాగాలు తర్వాతి బండికి పనికొచ్చేవి. ఆ విడిభాగాల డబ్బా నుంచే కస్టమ్ మోడల్ అనే లోకం పెరిగింది.

మన దగ్గర ఈ సరదాకు పక్కనే గురువులున్నారు. లారీల బాడీ బిల్డింగ్ షెడ్డులో, డెంటింగ్ పెయింటింగ్ చేసే షాపులో జరిగే పని వరుస మోడల్‌కూ అదే. ముందు పుట్టీ, తర్వాత వాటర్ పేపరు, ప్రైమరు, మళ్లీ సన్నని వాటర్ పేపరు, అప్పుడు రంగు. సామాను మాత్రం నేరుగా తేకూడదు. ఆ షాపులో వాడే థిన్నరు కిట్ ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది. పాలీస్టైరీన్ గొలుసులకు థిన్నరులోని టోలీన్ లాంటి ద్రావకాల అణువులతో పొత్తు కుదురుతుంది, స్పిరిటుతో కుదరదు. అందుకే స్పిరిటుతో తుడిస్తే జిడ్డు పోతుంది, ప్లాస్టిక్ మాత్రం చెక్కుచెదరదు. బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పంచదార తీశాక మిగిలే మొలాసిస్‌ను పులియబెట్టి స్పిరిట్ తీసే డిస్టిలరీ కూడా ఉండేది. చెరుకు బండి మోడల్‌ను తుడవడానికి చెరుకు సారమే పనికొస్తుందన్నమాట.

ప్లాస్టిక్ కరగడం అన్నిచోట్లా నష్టమేమీ కాదు. కిట్ సిమెంటు పనిచేసేది ఆ కరిగే గుణంతోనే. రెండు ముక్కల అంచులూ కరిగి, గొలుసులు ఒకదానిలో ఒకటి అల్లుకుని, ద్రావకం ఆవిరయ్యాక ఒకే ముక్క అవుతుంది. ఫెవిక్విక్ అలా కాదు. అది గాలిలోని తేమ తగలగానే తానే గట్టిపడే పదార్థం. గాజు భాగాల దగ్గర దాన్ని వాడితే ఆవిరి తేమతో కలిసి తెల్లని పొరగా దిగుతుంది. వానాకాలంలో ఈ మరక ఎక్కువ. కిటికీ గాజులకు మామూలు ఫెవికాలే మంచిది, ఎండాక పారదర్శకంగా ఉంటుంది.

రంగు ఎందుకు ముదురుగా కనిపిస్తుంది

అసలు ట్రాక్టరు రంగు డబ్బా తెచ్చి మోడల్‌కు వేస్తే ముదురుగా, నీరసంగా కనిపిస్తుంది. మోడల్ కట్టే వాళ్లలో దీనికి ఒక వివరణ ప్రచారంలో ఉంది: దూరం నుంచి చూసే బండికీ మనకూ మధ్య గాలి ఉంటుంది, గాలి రంగును పాలిపోయేలా చేస్తుంది, కనుక మోడల్ రంగులో కొంచెం తెలుపు కలపాలి. సలహా మంచిదే, కారణమే నిలబడదు. 30 సెంటీమీటర్ల నుంచి 1:24 మోడల్‌ను చూడటం అసలు బండిని 7 మీటర్ల నుంచి చూడటంతో సమానం. ఏడు మీటర్ల గాలి రంగును ఏమీ చేయదు. దూరపు గుట్టలు నీలంగా కనపడాలంటే కిలోమీటర్ల గాలి కావాలి.

అసలు తేడా వెలుగులో ఉంది. వేసవి మధ్యాహ్నం ఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. గదిలో ట్యూబ్‌లైటు కింద కొన్ని వందల లక్సులే. వెలుగు తగ్గే కొద్దీ మనకు రంగుల నిండుదనం కూడా తగ్గినట్టు కనిపిస్తుందని బ్రిటిష్ రంగుల శాస్త్రవేత్త హంట్ 1952లో చూపించాడు. పొలంలో భగ్గుమనే ఎర్ర ట్రాక్టరు గదిలో బెల్లం రంగుకు తిరగడం అందుకే. తెలుపు కలిపితే నిండుదనం పెరగదు గానీ ముదురుతనం కొంత తగ్గుతుంది. మోడల్‌ను ఎండలో పెట్టి చూసుకునే వాళ్లకు కలపాల్సిన అవసరమే రాదు.

మెరుపు విషయంలో ఇబ్బంది ఇంకా స్పష్టం. గదిలోని నాలుగడుగుల ట్యూబ్‌లైటు ప్రతిబింబం బానెట్ మీద పడితే, ఆ స్కేలులో అది 96 అడుగుల దీపం. అలాంటి దీపం ఏ రోడ్డు మీదా ఉండదు. సూర్యుడికి ఈ బాధ లేదు. ఎంత చిన్న మోడల్ ముందు నిలబడ్డా ఆకాశంలో అతను అర డిగ్రీయే, నీడల అంచులు కూడా స్కేలు తప్పవు. మెటాలిక్ రంగుల్లో తళుకు కోసం వేసే అల్యూమినియం రేకులు 30 మైక్రాన్లు ఉన్నాయనుకుంటే మోడల్ మీద ఒక్కొక్కటి ముప్పావు మిల్లీమీటరు కంకర. పోనీ రేకును కూడా 24తో భాగించి 1 మైక్రాన్ చేద్దామంటే అది వెలుగు అల పొడవుకు దగ్గరపడుతుంది. అంత చిన్న రేకు అద్దంలా ఒక దిక్కుకు మెరవకుండా వెలుగును అన్ని వైపులకూ చిమ్ముతుంది. ఇక్కడ బేరానికి హద్దును భౌతికశాస్త్రమే గీసింది.

నల్లరేగడిని వడగట్టడం

చెరుకు ట్రాక్టరుకు మట్టి లేకపోతే షోరూము ట్రాక్టరు అవుతుంది. చేలో మట్టి తెచ్చి పూస్తే పని అయిపోదు. అందులోని ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు 1:24లో 24 మిల్లీమీటర్ల గులకరాయి. కావాల్సింది మట్టిలోని అతి సన్నని భాగం. దాన్ని విడదీసే పరికరం ఒక గ్లాసు నీళ్లు, ఒక గడియారం.

నీటిలో మునిగే రేణువు వేగం దాని వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుందని 19వ శతాబ్దంలో స్టోక్స్ లెక్క కట్టాడు. రేణువు సగమైతే వేగం నాలుగో వంతు. 50 మైక్రాన్ల రేణువు సెకనుకు రెండు మిల్లీమీటర్ల చొప్పున దిగుతుంది. 20 మైక్రాన్లది 10 సెంటీమీటర్లు దిగడానికి సుమారు ఐదు నిమిషాలు పడుతుంది. 2 మైక్రాన్ల బంకమట్టికి అదే దూరం దాదాపు ఎనిమిది గంటలు. కాబట్టి నల్లరేగడిని నీళ్లలో బాగా కలిపి, ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి, పైనున్న మసక నీళ్లను పళ్లెంలోకి వంచి ఎండబెడితే 20 మైక్రాన్ల లోపు పొడి మిగులుతుంది. స్కేలులో అది అర మిల్లీమీటరు, మామూలు ఇసుక సైజు. భూసార పరీక్ష కేంద్రాల్లో మట్టి రకాన్ని తేల్చే పద్ధతుల్లోనూ ఇదే సూత్రం ఉంది.

ఈ పొడిని నీళ్లు, ఒక చుక్క ఫెవికాల్ కలిపి చక్రాలకు అద్దాలి. నల్లరేగడిలో నీరు పీల్చి ఉబ్బే ఖనిజం ఉంటుంది. ఎండితే కుంచించుకుని పగుళ్లిస్తుంది. పగుళ్ల మధ్య దూరం మట్టి పొర మందాన్ని బట్టి ఉంటుంది. పలచగా పూస్తే పగుళ్లు దగ్గర దగ్గరగా వస్తాయి. తగ్గించమని ఎవరూ చెప్పకుండానే ఇది తనంతట తానే స్కేలుకు ఒదిగిపోతుంది.

నీళ్లు మాత్రం ఒదగవు. ఉపరితల తన్యత వల్ల బల్ల మీద నీటిబొట్టు రెండున్నర, మూడు మిల్లీమీటర్ల ఎత్తున గుండ్రంగా నిలుస్తుంది. 1:24 లోకంలో అది ఆరేడు సెంటీమీటర్ల నీటి దిబ్బ. తడి రోడ్డు, బురద గుంట కావాలంటే నీటి బదులు మెరిసే వార్నిష్, రెసిన్ వాడటం ఇందుకే.

ఆరు వేల గడలు

ఇప్పుడు లోడు. ట్రాలీలో ఆరు టన్నుల చెరుకు ఉందనుకుందాం. గడ ఒక్కింటికి కిలో వేసుకుంటే ఆరు వేల గడలు. 1:24లో గడ మందం 28 మిల్లీమీటర్ల నుంచి 1.2 మిల్లీమీటర్లకు దిగింది, పొడవు రెండున్నర మీటర్ల నుంచి 10 సెంటీమీటర్లకు దిగింది. గడల సంఖ్య ఎంతకు దిగింది? దిగలేదు. ఆరు వేలు ఆరు వేలే. కొలతలు తగ్గుతాయి, లెక్క తగ్గదు. గోడకు ఇటుకలు, చెట్టుకు ఆకులు, చెరుకు బండికి గడలు మోడల్ కట్టే వాడిని ఓడించేది ఇక్కడే. ఒక్కో గడకు పది సెకన్లు పట్టినా పదహారు గంటలు దాటుతుంది.

కొబ్బరి చీపురు ఈనెలు మందానికి సరిగ్గా సరిపోతాయి. కణుపులు అసలు గడ మీద 10 నుంచి 15 సెంటీమీటర్లకు ఒకటి ఉంటాయి, ఈనె మీద 4 నుంచి 6 మిల్లీమీటర్లకు ఒక పెన్ను గీత చాలు. లోపల థర్మాకోల్ దిమ్మ పెట్టి పైన, పక్కల ఒక్క పొర పరుస్తారు. వెనక కొనల కోసం పొట్టి ముక్కలు గుచ్చుతారు. ఇది మోసమే, అయితే లెక్క తెలిసి చేసే మోసం. కంటికి అందేది బయటి పొర ఒక్కటే. కుదరని సంగతి ఇంకొకటి: చేత్తో పేరిస్తే ఈనెలన్నీ తిన్నగా, సమానంగా వస్తాయి. నిజం చేలో గాలికి పడి వంగిన గడలుంటాయి, కోసిన చోట కొనలు ఎగుడుదిగుడుగా ఉంటాయి. కొన్ని ఈనెలను తడిపి వంచి, కలిపి, చూడకుండా పిడికెళ్లతో వేస్తేనే ఆ అస్తవ్యస్తం వస్తుంది.

బరువు కనపడాలి కదా. ఆరు టన్నులను 13,824తో భాగిస్తే 434 గ్రాములు. థర్మాకోల్ మీద ఈనెలు అందులో కొంతే తూగుతాయి. కనుక ట్రాలీ టైర్లు కింద నొక్కుకోవు, లోడెత్తిన బండి గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. టైరు అడుగును వాటర్ పేపరు మీద రుద్ది చదును చేయడంతో ఆ తేలికదనం పోతుంది.

పరుగెత్తించినప్పుడు

మోటారు పెట్టిన ట్రాక్టరు ఎంత వేగంతో నడిస్తే నిజమనిపిస్తుంది? అసలుది గంటకు 20 కిలోమీటర్లు వెళ్తే, 24తో భాగిస్తే సెకనుకు 23 సెంటీమీటర్లు. బల్ల మీద చూసే కంటికి ఇది సరే. కానీ గతుకులో పడ్డప్పుడు ట్రాలీ టక్కున ఎగిరి పడుతుంది, బరువైన బండిలా ఊగదు. కింద పడటానికి పట్టే సమయం ఎత్తు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది కనుక 24 రెట్లు తక్కువ ఎత్తు నుంచి పడితే సమయం 4.9 రెట్లే తగ్గుతుంది. 10 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడటానికి 0.14 సెకను, అందులో 24వ వంతు ఎత్తు నుంచి పడటానికి 0.03 సెకను.

మోడల్ లోకంలో కాలం దాదాపు ఐదు రెట్లు తొందరగా నడుస్తుందన్నమాట. దీన్ని సరిదిద్దే యంత్రం ఇప్పుడు జేబులో ఉంది. సినిమా వేగం సెకనుకు 24 ఫ్రేములు. దాన్ని 4.9తో గుణిస్తే 118. సెల్‌ఫోన్‌లోని స్లోమోషన్ 120 ఫ్రేములు. మోడల్‌ను సెకనుకు 1.1 మీటర్ల వేగంతో గతుకు మీద నడిపి, 120 ఫ్రేముల్లో తీసి, 24 చొప్పున చూస్తే ట్రాలీ ఊగడం ఆరు టన్నుల ఊగడంలాగే ఉంటుంది. ఫోను ఇంకో మేలు చేస్తుంది. దాని కటకం రంధ్రం కొన్ని మిల్లీమీటర్లే కనుక ముందు లైటు నుంచి వెనక గడల దాకా అన్నీ స్పష్టంగా పడతాయి. పెద్ద కెమెరాలో సగం బండి మసకబారి, ఇది చిన్నదని చెప్పేస్తుంది.

వర్గమూలాల ఈ లెక్కను 1870ల్లో ఇంగ్లండులో ఓడల నమూనాల మీద విలియం ఫ్రూడ్ స్థిరపరిచాడు. హైదరాబాద్ దగ్గర హిమాయత్‌సాగర్‌లో నీటిపారుదల ఇంజనీర్లు స్పిల్‌వేల నమూనాలు కట్టి నీళ్లు వదిలి చూసేదీ ఈ లెక్కతోనే. 42 గేట్ల శ్రీరాంసాగర్‌ను 1:100లో కడితే వంద వర్గమూలం పది కాబట్టి, అసలు ప్రాజెక్టులో గంట వరద నమూనాలో ఆరు నిమిషాలు.

పెద్దది చేస్తే

వ్యతిరేక దిశలో వెళ్లిన తెలుగువాడూ ఉన్నాడు. హైదరాబాద్‌లో కె. సుధాకర్ బ్యాటు, బూటు, పుస్తకం లాంటి వస్తువుల ఆకారంలో నడిచే కార్లు చేశాడు. బహదూర్‌పురాలో 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియంలో అవి ఉన్నాయి. 2005 జులై 1న ఆయన నడిపిన మూడు చక్రాల సైకిలు 12.67 మీటర్ల ఎత్తుతో గిన్నిస్ రికార్డుకెక్కింది. చక్రం వ్యాసం 5.18 మీటర్లు.

మామూలు సైకిలు చక్రంతో పోలిస్తే అది ఎనిమిది రెట్లు. అదే ఆకారాన్ని అలాగే పెంచితే బరువు 512 రెట్లు, గొట్టాల అడ్డుకోత వైశాల్యం 64 రెట్లే. తన బరువుతో పోలిస్తే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఈ సంగతి గెలీలియో 1638లోనే రాశాడు: పెద్ద జంతువు ఎముక చిన్నదాని ఎముకకు పెద్ద నకలుగా ఉండలేదు, లావెక్కాల్సిందే. పెద్దది చేసేవాడు చట్రాన్ని మళ్లీ లెక్కగట్టుకోక తప్పదు. చిన్నది చేసేవాడికి అదృష్టం రివర్సులో వస్తుంది. 1:24 ట్రాలీకి తన బరువుతో పోలిస్తే 24 రెట్లు బలం. సన్‌బోర్డు ముక్కలు, ఫెవిక్విక్‌తో కట్టిన ట్రాక్టరు బల్ల మీది నుంచి పడినా నిలబడటానికి కట్టిన వాడి నైపుణ్యంతోపాటు ఈ నిష్పత్తి కూడా కారణం.

ఫొటో నుంచి కొలత

మంజీరపై నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక ఈ ప్రాంతం చెరుకు సీమ అయింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపడింది. 2002లో ప్రైవేటు చేతికి వెళ్లి, 2015 డిసెంబరులో మూతపడింది. గేటు ముందు కాంటా కోసం బారులు తీరిన బండ్ల దృశ్యం ఇప్పుడు అక్కడికి వెళ్లి కొలుచుకునేది కాదు. ఫెరారీ మోడల్ కావాలంటే కంపెనీ కొలతలతో సహా పెట్టెలో దొరుకుతుంది. బోధన్ చెరుకు ట్రాలీ ఏ పెట్టెలోనూ రాదు. ఊరి షెడ్డులో వెల్డింగు చేసిన ట్రాలీకి డ్రాయింగు ఉండదు.

అయినా కొలతలు పోలేదు. ఇళ్లలో పాత ఫొటోలున్నాయి, వాటిలో కొలబద్ద కూడా ఉంది. మన ట్రాక్టర్ల వెనక టైరు పక్కన 13.6-28 లాంటి అంకెలుంటాయి. రెండోది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. 28 అంగుళాలంటే 71 సెంటీమీటర్లు. ఫొటోలో రిమ్ము 2 సెంటీమీటర్లు, దాని వెనకే అదే వరుసలో ఉన్న ట్రాలీ 10.3 సెంటీమీటర్లు వస్తే, ట్రాలీ 366 సెంటీమీటర్లు, అంటే పన్నెండడుగులు. పక్క నుంచి, కాస్త దూరం నుంచి తీసిన ఫొటో అయితేనే ఈ లెక్క నమ్మాలి. వాలుగా తీసిన దానిలో దూరపు చక్రం చిన్నగా పడుతుంది కనుక ముందు వెనకలకు వేర్వేరు కొలబద్దలు కావాలి.

నిర్మల్ శిల్పి స్వేచ్ఛ స్కేలు మోడల్‌కు ఉందా అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. పొడవు, వెడల్పుల్లో ఆ స్వేచ్ఛ లేదు, రిమ్ము అంకె ఒప్పుకోదు. అంచు మందం, రంగు, మట్టి, గడల లెక్క, వేగం విషయాల్లో స్వేచ్ఛ తప్పనిసరి. ఎందుకంటే అవి మన మాట వినవు. మీ ఇంట్లో ట్రాక్టరు పక్కన ఎవరైనా నిలబడిన ఫొటో ఉంటే టైరు సైజు కనుక్కుని, స్కేలుతో కొలిచి, ట్రాలీ కొలతలు కాగితం మీద వేయండి. తర్వాత మీ వాళ్లలో బండి తోలిన వాళ్లకు ఆ కాగితం చూపించండి. కొలత తప్పితే వాళ్లు వెంటనే పట్టేస్తారు.